మేనరికం మాట ఇచ్చింది మీరు, మీ అబ్బాయి కాదు

ప్రశ్న: రాజోలు దగ్గర లంక గ్రామం మాది. మా అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈమధ్య అక్కడ ఒక హోటల్లో ఇద్దరు కుర్రాళ్ళు చేతులు పట్టుకుని కూర్చున్నారని బయటికి పంపేశారట. దానికి నిరసనంటూ కొందరు ఆ హోటల్ ముందే జంటలుగా నిలబడి కౌగిలించుకున్నారు. మావాడు పక్కనున్న స్నేహితుడికి బుగ్గ మీద ముద్దు పెట్టాడు. ఆ ఫొటో మా ఇంటిపేరువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడింది. అడిగితే ‘నేనింతేనమ్మా’ అన్నాడు. ఇంతేనైతే ఇంట్లో ఉండాలి గానీ నడిరోడ్డు మీద ఎందుకండీ? మావారు పోయాక మా అన్నయ్యే మమ్మల్ని చూశాడు. భీమవరంలో వీడి ఇంజనీరింగ్ ఫీజులు కట్టాడు. మేనకోడల్ని చేసుకుంటానని అన్నయ్యకి మాటిచ్చాను. ఆ పిల్ల డిగ్రీ అయి మూడేళ్ళు, నా మాట మీదే బయటి సంబంధాలు చూడ్డం లేదు. ఫొటో చూశాక అన్నయ్య మా గుమ్మం తొక్కలేదు. ఎప్పుడూ కొబ్బరి దింపుకి దగ్గరుండి కాయలు లెక్కపెట్టించి డబ్బు చేతికిచ్చేవాడు, ఈసారి దింపు డబ్బులు పాలేరుతో పంపాడు. ఫొటో తీయించడం ఎలా? డాక్టరుకి చూపిస్తే, పెళ్ళి చేసేస్తే మారతాడా?

జవాబు: అమ్మా, ముందు మీరడిగినవి తేల్చేద్దాం. గ్రూపుల్లో తిరిగిన ఫొటోని ఎవరూ తీయించలేరు, వదిలేయండి. ఇక డాక్టరు. స్వలింగ ప్రేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మారుస్తానంటూ వైద్యం చెయ్యడం వృత్తికి తగని పని అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. కాకినాడలోనో రాజమండ్రిలోనో ఎవరైనా చేస్తానంటే ఆ డాక్టర్నే అనుమానించండి. నేరం కూడా కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పేసింది. పెళ్ళితో మారడు. మారకపోగా ఒక ఆడపిల్ల గొంతు కోసినవాళ్ళవుతారు.

నడిరోడ్డు మీద ఎందుకన్నారు. అంతర్వేది తీర్థానికి మీరు వెళ్ళే ఉంటారు. ఆ జనంలో మగపిల్లలు చిటికెన వేళ్ళు పట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని తిరుగుతుంటారు. ఎవరైనా ఏమైనా అంటారా? ఎంత స్నేహమో అనుకుంటాం. అదే ఇద్దరు ‘మేం జంట’ అన్నారనుకోండి, అవే చేతులు బూతైపోతాయి. అంటే మనకి కోపం వచ్చేది వాళ్ళు ముట్టుకున్నందుకు కాదు, పైకి చెప్పినందుకు. అందుకే గెంటేసిన చోటికే వెళ్ళి చెబుతున్నారు. 2011లో లండన్‌లో ముద్దు పెట్టుకున్నారని ఇద్దరు మగవాళ్ళని ఒక పబ్బులోంచి పంపేస్తే, వందలమంది ఆ పబ్బు ముందుకే వచ్చి ముద్దులు పెట్టుకున్నారు. 2014 నవంబరు 2న కొచ్చి మెరైన్ డ్రైవ్‌లో జరిగింది వేరే గొడవ, నీతి పేరుతో జంటల మీద దౌర్జన్యాలకి జవాబు. పద్ధతి మాత్రం ఇదే. పోలీసులు వాళ్ళని వ్యానెక్కించారు, అయినా వాళ్ళు రాయి పట్టలేదు. 2022 మేలో అమలాపురంలో నిరసన ముదిరి బస్సులూ మంత్రిగారి ఇల్లూ తగలబడ్డం చూసిన సీమ మీది. మీవాడు నిరసనకి వెళ్ళి బుగ్గ మీద ముద్దు పెట్టి వచ్చాడు. నాకైతే ఇందులో తలదించుకోవాల్సింది ఏమీ కనపడలేదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘నేనింతేనమ్మా’ అన్న కొడుకుతో మీరేమన్నారో ఎక్కడా లేదు. అన్నయ్య గుమ్మం తొక్కనిదీ, డబ్బు పాలేరుతో పంపిందీ మాత్రం పూసగుచ్చినట్టు రాశారు. మీకు నిద్ర పట్టనివ్వనిది అన్నయ్య అలక.

ఆయన చేసింది తక్కువేం కాదు. భర్త పోయిన చెల్లెల్ని వీధిన పడకుండా చూసుకున్నాడు, దండం పెట్టాల్సిందే. కానీ ఆ ఋణం తీర్చడానికి మీరు కొడుకుని రాసిచ్చేశారు. వాణ్ణి అడిగి మాటిచ్చారా? ఆ పిల్లనైనా అడిగారా? తోబుట్టువుల లెక్కల్లో పిల్లల్ని బాకీ కింద జమ కట్టడం నాకు బొత్తిగా గిట్టదు. ఎంత గొప్ప అన్న అయినా సరే. ఫీజులు అప్పనుకుంటే అప్పులాగే తీర్చండి. తోట మీదే కదా, దింపుకింత అని ఇవ్వండి. ఆయన పుచ్చుకోకపోవచ్చు, అది ఆయన పెద్దరికం. ఇవ్వబోవడం మీ మర్యాద.

ఈ మొత్తంలో నిజంగా అన్యాయమైపోయింది మీ మేనకోడలు. మూడేళ్ళుగా మీ మాటకి కట్టుబడి కూర్చుంది. ఇంకో నెల ఆగి చూద్దాం అనుకోకండి. అన్నయ్య రావాలని ఎదురుచూడకుండా మీరే వెళ్ళండి, మీ వదిన కూడా ఇంట్లో ఉన్న వేళ చూసుకుని. మాట వెనక్కి తీసుకుంటున్నాను, పిల్లకి సంబంధాలు చూడండి అని చెప్పండి. అబ్బాయి గురించి ఎంతవరకు చెప్పవచ్చో ముందు వాడినే అడిగి, అంతే చెప్పండి. అన్నయ్యని చల్లబరచడానికి కొడుకుని మాత్రం తిట్టకండి. మనవాళ్ళకి ఇదో అలవాటు, ఒకరి దగ్గర మంచి అనిపించుకోడానికి ఇంకొకరిని కించపరచడం. ఆయన అరుస్తాడు, అరవనివ్వండి. భోజనానికి ఉండమంటే ఉండండి. అనకపోతే లేచి వచ్చేయండి.

అబ్బాయికి ఫోన్ చేసినప్పుడు ఫొటో ఊసెత్తకండి. తీసెయ్యమంటే మీ మాట కాదనలేక తన దగ్గరున్నది తీసేస్తాడు కూడా, దానితో ఒరిగేదేం లేదు. సంక్రాంతికి వస్తున్నాడా అని అడగండి. ఆ స్నేహితుణ్ణి కూడా తీసుకొస్తానంటే రమ్మనాలో వద్దో మీ ఇష్టం. అన్నయ్యని అడగాల్సిన పని లేదు.