కెప్టెన్‌గారి చూపు తగ్గుతోంది, ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: నా భర్తకు 31 ఏళ్లు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటీనా జబ్బు వల్ల చిన్నప్పటి నుంచీ చూపు తక్కువ. అంధుల క్రికెట్‌లో మా రాష్ట్ర జట్టుకు కెప్టెన్, కొద్దిపాటి చూపున్న ఆటగాళ్ల బీ2 కేటగిరీ. మాది మేనరికం, ఆయన మా మేనత్త కొడుకే. మూడేళ్ల పాప ఉంది. ఏడాదిగా గుమ్మాలు, కుర్చీలు తగులుతున్నాడు. పొద్దు వాలితే గడప దాటడు. చేతిలోకి వచ్చిన క్యాచ్‌లు కూడా వదిలేస్తున్నాడని జట్టులో కుర్రాడు చెప్పాడు. అడిగితే విరుచుకుపడతాడు. ఆటతో పెద్దగా రాబడి లేదు, నా కుట్టుపనితో ఇల్లు గడుస్తోంది. ఆట మానేసి కొట్లో కూర్చోమని మామయ్య. వరల్డ్ కప్ సెలక్షన్ అయ్యాక చూద్దామని ఈయన. నేను కోచ్‌కి చెప్పేయనా? ఆట మానమనాలా? రెండో బిడ్డను కనాలన్నా భయంగా ఉంది.
— ఒక సోదరి

జవాబు: మీ ఉత్తరంలో కన్ను, సంపాదన, ఆట, బిడ్డ అన్నీ ఒకే ముడిగా పడ్డాయి. మీ ఇంట్లో జరిగే ప్రతి గొడవా ఆట మానాలా వద్దా అన్నచోటికే చేరుతున్నట్టుంది. నిజానికి ముందు తేలాల్సింది అది కాదు, కంటి సంగతి. అది తేలకుండా మిగతావాటి మీద ఎంత వాదించుకున్నా ఫలితం ఉండదు.

రెటినైటిస్ పిగ్మెంటోసాలో ముందు పోయేది రాత్రి చూపు, తర్వాత పక్క చూపు. చుట్టూ ఉన్నది మూసుకుపోయి మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు మిగులుతుంది. గుమ్మం తగలడం, పక్కనుంచి వచ్చిన బంతి అందకపోవడం దీనికి సరిపోయే లక్షణాలే. కానీ ఏడాదిలో ఇంత తేడా వచ్చిందంటే, దాన్ని జబ్బు ముదరడం కిందే కట్టేయకండి. ఈ జబ్బున్నవాళ్లకు చిన్న వయసులోనే శుక్లం రావచ్చు, చూపుకు కేంద్రమైన మాక్యులాలో వాపూ రావచ్చు. ఈ రెండింటికీ చికిత్స ఉంది. ఎలాగూ పోయే చూపే కదా అని పరీక్ష మానేసి, తిరిగి వచ్చే కాస్త చూపును కూడా పోగొట్టుకునేవాళ్లు చాలామంది. రెటీనా డాక్టర్ దగ్గర చేయించాల్సినవి మూడు: అద్దాలతో సరిచేశాక చూపు కొలత, పక్క చూపు ఎంత ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్. చూపు తెప్పిస్తామని స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకు డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. విటమిన్ ఎ పెద్ద డోసులు సొంతంగా వాడితే కాలేయం దెబ్బతినవచ్చు. లోపమున్న జన్యువు బదులు మంచిది అందించే జీన్ థెరపీ గురించి కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అమెరికాలో 2017లో అనుమతి వచ్చిన మందు ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకే పనిచేస్తుంది.

ఇక ఆయన భయం. చూపు ఇంకా తగ్గిందని తెలిస్తే జట్టులోంచి, ముందుగా కెప్టెన్సీలోంచి తీసేస్తారని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. అలాగైతే నిబంధనలు ఆయనకు మీకంటే బాగా తెలుసు, తన విషయంలో మాత్రం వాటిని పక్కన పెట్టేశారు. పదకొండు మందిలో కనీసం నలుగురు బీ1, అంటే దాదాపు చూపే లేని ఆటగాళ్లు ఉండి తీరాలి. ఓవర్లలో కనీసం 40 శాతం వాళ్లే వేయాలి. బీ1 బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగూ రెండుగా లెక్క. ఒక బౌన్స్ తర్వాత పట్టినా వాళ్ల క్యాచ్ చెల్లుతుంది. నిలకడగా ఆడే బీ1 బ్యాటర్ కోసం ప్రతి జట్టూ వెతుక్కుంటుంది. బీ2 నుంచి బీ1కి మారడం అంటే ఆట ముగియడం కాదు, మరో పాత్రలోకి వెళ్లడం.

అసలు ఆయన బీ1 అవుతారన్నదీ ఖాయం కాదు. అద్దాలతో సరిచేశాక మెరుగైన కంట్లో మిగిలిన చూపును బట్టి కేటగిరీ ఇస్తారు. వెలుతురు అసలే తెలియకపోయినా, తెలిసినా ఎదుటి చేతి ఆకారం ఎంత దూరంలోనూ పోల్చుకోలేకపోయినా బీ1. చేతి ఆకారం తెలిసేదగ్గర్నుంచి 2/60 వరకు (మామూలు కంటికి 60 మీటర్ల దూరంలో కనిపించేది 2 మీటర్లలోనే కనిపించడం), లేదా చూపు విస్తృతి మధ్య నుంచి 5 డిగ్రీల లోపు అయితే బీ2. ఆపైన 6/60 వరకు, లేదా 20 డిగ్రీల లోపు అయితే బీ3. ఇందులో గమనించాల్సిందేమిటంటే, పక్క చూపు ఎంత కుంచించుకుపోయినా అదొక్కటే ఎవరినీ బీ1 చేయదు. మధ్య చూపు కొంచెం మిగిలినా ఆయన ఏళ్ల తరబడి బీ2లోనే ఉండవచ్చు. అంటే, రాని మార్పుకు భయపడి పరీక్ష తప్పించుకుంటూ ఉండి ఉండవచ్చు. ఒకవేళ నిజంగా బీ1 స్థాయికి వచ్చి దాచిపెడితే, రెట్టింపు పరుగులు పోగొట్టుకుంటున్నది ఆయనే, ఆయన జట్టే.

అయితే మారడం తేలికని మాత్రం ఎవరూ చెప్పలేరు. బీ1 ఆటగాళ్లు వెలుతురు చొరబడని నల్ల అద్దాలు పెట్టుకోవాలి, వాళ్ల బదులు రన్నర్ పరుగెత్తుతాడు. బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల బేరింగ్ గుండ్ల చప్పుడు. బౌలర్ ‘రెడీ?’ అని అడిగి, బ్యాటర్ సరేనన్నాక ‘ప్లే’ అంటూ కిందినుంచి చేయి ఊపి వేస్తాడు. ఇవన్నీ ఆయనకు కొట్టినపిండే. చిక్కు వేరేచోట. కొద్దిపాటి చూపున్నవాళ్లు చెవితో వింటున్నామనుకుంటూనే చివరి క్షణంలో కంటిని నమ్ముతారు. అద్దాలు పెట్టగానే ఆ చివరి క్షణం మాయమవుతుంది. మోకాలు వేసి అడ్డంగా కొట్టే స్వీప్ ఆలస్యమవుతుంది, మోకాలు తప్పుచోట పడుతుంది, బంతి బ్యాటు కిందినుంచి వెళ్లిపోతుంది. ఇది సర్దుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఆ నెలల్లోనే ఆట వదిలేయాలనిపించవచ్చు. దీనికి మందు ముందునుంచీ సాధన. రోజూ నెట్స్‌లో మొదటి ఇరవై నిమిషాలు కళ్లు పూర్తిగా మూసి ఆడాలి. మొదటి వారం బ్యాటు వద్దు, బంతి వచ్చిన గీతను చేత్తో చూపిస్తే చాలు. రెండో వారం మోకాలు వేయడం, ఆ తర్వాత స్వీప్. కెప్టెన్ అందరిచేతా చేయిస్తే అది జట్టు డ్రిల్ అవుతుంది, ఆయన సంగతి ఎవరూ అడగరు. కన్ను ఎంతోకొంత పనిచేస్తుండగానే చెవికి పని నేర్పాలి. ఉద్యోగం విషయంలోనూ ఇదే చెప్తాను.

కోచ్‌కి మీరు చెప్పకండి. భార్య నోటినుంచి బయటికి వస్తే ఆయన దాన్ని ద్రోహం కిందే తీసుకుంటారు, ఆ తర్వాత మీకు ఏదీ చెప్పరు. కానీ ఫ్లడ్‌లైట్ల కింద మ్యాచ్ ఉంటే అది భద్రత విషయం. ఆ బంతి మొహానికి తగిలితే చిన్న దెబ్బ కాదు, పరుగెత్తుతూ ఇద్దరు ఢీకొంటే ఇంకా ప్రమాదం. పరీక్ష అయ్యేదాకా రాత్రి మ్యాచ్‌లో దగ్గరి ఫీల్డింగ్ తీసుకోవద్దని ఆయనకే గట్టిగా చెప్పండి. ఫీల్డర్‌ను మార్చడం కెప్టెన్ చేతిలో పనే.

ఆయనతో మాట్లాడేటప్పుడు సమయం చూసుకోండి. ఓడి వచ్చిన రోజు వద్దు, టోర్నీకి బయల్దేరే ముందు వద్దు, అత్తయ్యా మామయ్యా వినేచోట అసలే వద్దు. ‘నీకు చూపు తగ్గిపోతోంది’ అని మొదలుపెడితే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. మీరు చూసినది ఒక్కటి చెప్పి, ఒక్కటే అడగండి. ‘బావా, ఈ వారంలో మూడుసార్లు ఆ గుమ్మమే తగిలింది. దెబ్బ తగులుతుంటే చూడలేకపోతున్నా. శుక్లం లాంటిదైతే తగ్గించొచ్చట, ఒక్కసారి చూపించుకుందాం, నేనూ వస్తా.’ అంతే. ఆట ఊసు, డబ్బు ఊసు, కొట్టు ఊసు ఆ రోజు తేవద్దు. కాదంటే వారం ఆగి మళ్లీ ఇదే మాట చెప్పండి, కొత్త కారణాలు కలపకండి. అంధుల జట్టులో కెప్టెన్ గొంతే మిగతావాళ్లకు దారి. తనకే దారి కనబడటం లేదని చెప్పుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది.

కోపం మాటలతో ఆగకుండా చేయి చేసుకునేదాకా వస్తే దాన్ని చూపు ఖాతాలో వేయకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానడం, ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాటలు వినబడితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి. ఆ సేవ ఉచితం, ఏ వేళకైనా ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఈ ఆటలో గౌరవం లేదని కాదు. భారత అంధుల జట్టు మాజీ కెప్టెన్, కర్ణాటకకు చెందిన శేఖర్ నాయక్‌కు 2017లో పద్మశ్రీ వచ్చింది. మన ఆంధ్రా నుంచి వెళ్లి భారత జట్టుకు కెప్టెనైన అజయ్ కుమార్ రెడ్డికి 2023 సంవత్సరానికి అర్జున అవార్డు వచ్చింది. కానీ అవార్డులు నెలజీతాలు కావు, రాష్ట్ర స్థాయిలో ఆ అవార్డులూ ఉండవు. పైగా ‘వరల్డ్ కప్ అయ్యాక’ అన్న మాట మీద ఇల్లు నడపలేం. 2022లో టీ20 వరల్డ్ కప్ మన దగ్గరే జరిగింది, ఫైనల్లో బంగ్లాదేశ్‌ను ఓడించి గెలిచాం. ఆ తర్వాతి కప్ 2024లో పాకిస్తాన్‌లో పెడితే కేంద్రం అనుమతి రాక మన జట్టు అసలు వెళ్లనే లేదు. ఆటగాడు ఏం చేసినా తన చేతిలో లేనివి ఇలా ఉంటాయి.

అందుకని ఆట ఆడుతూనే ఉద్యోగానికి సిద్ధపడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం వికలాంగులకు కేటాయించాలి, అందులో ఒక శాతం అంధత్వం, తక్కువ చూపు ఉన్నవాళ్లది. కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు పదేళ్లు, ఓబీసీలకు 13, ఎస్సీ ఎస్టీలకు 15. కాబట్టి 31 ఏళ్లకు అంతా అయిపోయిందన్న మాట తప్పు. పరీక్షలో జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌ను తీసుకోవచ్చు, గంటకు 20 నిమిషాలు అదనం. స్పోర్ట్స్ కోటా మీద ఎక్కువ ఆశ వద్దు. అంధుల క్రికెట్ పారాలింపిక్స్‌లో లేదు, అందుకే నోటిఫికేషన్‌లో ఏ ఆటలు, ఏ స్థాయి పోటీలు లెక్కలోకి వస్తాయో చదివాకే దరఖాస్తు పెట్టాలి. ఇంకో పొరపాటు, ఆటలో ఇచ్చిన బీ2 కాగితాన్నే అంగవైకల్య ధ్రువపత్రం అనుకోవడం. అవి రెండూ వేరు. ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) మీద ఉన్న వైకల్య శాతం పాతదైతే కొత్త ఫీల్డ్ టెస్ట్ రిపోర్టుతో మెడికల్ బోర్డు దగ్గర మళ్లీ మదింపు చేయించండి.

చదువు ఏ మేరకు ఉన్నా, మొదట నేర్వాల్సింది కంప్యూటర్‌ను చెవితో వాడటం. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగూ చదువుతుంది. అక్షరాలు పెద్దవి చేసుకుని మొహం స్క్రీన్‌కు ఆనించి చదివే అలవాటు ఉంటే ఇప్పుడే మాన్పించాలి. చూపు ఇంకొంచెం తగ్గిన రోజున ఆ వేగమంతా పోయి మళ్లీ మొదటికి వస్తారు. మౌస్ పక్కన పెట్టేసి రోజుకు గంట చొప్పున ఆరు నెలలు కీబోర్డుతో చేస్తే పరీక్షకూ ఉద్యోగానికీ సరిపడా చేయి తిరుగుతుంది. తెల్ల కర్రకు కెప్టెన్‌గారు ఒప్పుకోరు, అది నాకు తెలుసు. నిలబడితే రొమ్ము ఎముక దాకా వచ్చే మడత కర్ర కొని సంచిలో పెట్టండి, చీకటి పడ్డాక మాత్రమే తీయమనండి. వాడే పద్ధతి శిక్షకుడి దగ్గరే నేర్చుకోవాలి.

మామయ్యగారి కొట్టు చెడ్డది కాదు. ఆట లేని నెలల్లో, జీతం ఇంత అని మాట్లాడుకుని కూర్చోవచ్చు. ఆట మానడానికి శిక్షగా కూర్చోబెడితే మాత్రం రెండు నెలలు కూడా నిలవరు.

రెండో బిడ్డ సంగతి. ఈ జబ్బు కుటుంబాల్లో ముఖ్యంగా మూడు దారుల్లో నడుస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి జబ్బు ఉండి, ఆ ఒక్క లోపమే చాలే రకమైతే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఎక్స్ క్రోమోజోమ్ రకమైతే ఆయన కొడుకులకు రాదు, కూతుళ్లందరూ వాహకులు, అంటే ఆ లోపాన్ని మోసేవాళ్లు, అవుతారు. మూడోది రెండువైపులా లోపం కలిస్తేనే వచ్చే రకం. మేనరికంలో జాగ్రత్తపడాల్సింది దీనికే. మీలో ఆ లోపం లేకపోతే పిల్లలు వాహకులుగా ఉంటారు కానీ జబ్బు రాదు. మీరూ వాహకురాలైతే ప్రతి కాన్పులో సగానికి సగం. ఒకే కుటుంబం కాబట్టి మీరు వాహకురాలయ్యే అవకాశం బయటి సంబంధం కన్నా ఎక్కువ. అందుకే ఊహతో నిర్ణయించుకోకండి. ముందు మీవారికి జన్యు పరీక్ష, లోపం దొరికితే అదే మీకు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యశాల లాంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో దీనికి కౌన్సెలింగ్ కూడా చేస్తారు. ఫలితం వచ్చేదాకా గర్భం వాయిదా వేసుకోండి. పాప మసకచీకట్లో తడబడుతున్నా, లేకున్నా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజే ఆమె కళ్లూ చూపించండి. ఫలితం ఏదైనా అత్తయ్య ముందు మీ తప్పుగానో ఆయన తప్పుగానో చర్చకు రానివ్వకండి, ఆ లోపం వచ్చింది రెండు ఇళ్లకూ ఉమ్మడి పెద్దల నుంచే అయి ఉండవచ్చు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చిన్నప్పటి రిపోర్టులు, పాత ఆట వర్గీకరణ కాగితం, వాడుతున్న అద్దాలు, యూడీఐడీ కార్డు పట్టుకెళ్లండి. కంట్లో చుక్కలు వేస్తారు కాబట్టి కొన్ని గంటలు వెలుతురు భరించలేరు, ఆ రోజు ప్రాక్టీస్ పెట్టుకోవద్దనండి. ఫీల్డ్ టెస్ట్ అలసటగా ఉంటే తప్పుగా వస్తుంది, రాత్రి ప్రయాణం చేసి నేరుగా వెళ్లకుండా ముందురోజే చేరుకోండి.