మసకబారిన నాణెం: కొన్నవాడి ఖర్మా, అమ్మినవాడి బాధ్యతా?

ప్రశ్న: నేను రాజమండ్రిలో రిటైరైన హైస్కూల్ టీచర్‌ని. నాణేలు సేకరించడం నలభై ఏళ్ళ అలవాటు. 2024 ఆగస్టులో వేరే రాష్ట్రంలోని ఒక డీలర్ దగ్గర వాట్సాప్‌లో ఫొటోలు చూసి రెండు నాణేలు కొన్నాను. ఒకటి ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం. రెండోది 1917 నాటి అయిదో జార్జి వెండి రూపాయి. రూపాయి గురించి ‘ఒరిజినల్ మెరుపు, చెయ్యి తగలని నాణెం’ అని రాశాడు. రెండిటికీ కలిపి 15,500 రూపాయలు పంపాను. అతను పెట్టి పంపిన ప్లాస్టిక్ కవర్లలోనే బీరువాలో ఉంచాను. 2025 జూన్‌లో తీసి చూస్తే ఎన్టీఆర్ నాణెం మీద పల్చటి మసక, అంచున పసుపు రంగు కనిపించాయి. రూపాయి మీద పచ్చటి జిగురు మచ్చలు ఉన్నాయి. డీలర్‌ని అడిగితే ‘వెండి అన్నాక రంగు మారుతుంది, చింతపండుతో తోముకోండి, బిల్లు మీద నో రిటర్న్ అని ఉంది’ అన్నాడు. వినియోగదారుల కోర్టుకు వెళ్ళవచ్చా? జనవరిలో డాలస్‌లోని మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. రెండూ తెస్తే అక్కడి నిపుణులకు చూపిస్తానంటున్నాడు. తీసుకెళ్ళవచ్చా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ చింతపండు పక్కన పెట్టండి. నిమ్మకాయ, విభూది, టూత్‌పేస్ట్ కూడా వద్దు. పులుపు తగిలిందంటే మచ్చతోపాటు పైపొర కూడా పోతుంది, నాణేన్ని వెలుతురులో తిప్పినప్పుడు కనిపించే ఆ తిరిగే మెరుపు మళ్ళీ రాదు. తోమిన నాణేనికి సేకర్తల దగ్గర ధర పడిపోతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. లాయరుగా నా భయం వేరే ఉంది. ఆ మచ్చే మీ సాక్ష్యం. దాన్ని మీ చేత్తోనే కడిగేస్తే కేసు కూడా దాంతోపాటు కొట్టుకుపోతుంది.

మీ రెండు నాణేలవీ రెండు వేర్వేరు కథలు. ఒకే ఫిర్యాదులో ఒకే మాటగా రాస్తే బలహీనమైనది బలమైనదాన్ని కిందికి లాగుతుంది.

ఎన్టీఆర్ నాణెం 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసినది. 35 గ్రాముల బరువులో సగమే వెండి. మిగతాది 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింక్. వెండి మామూలు గాలికి తుప్పు పట్టదు, గాలిలో ఉండే గంధకపు వాయువులకు మాత్రం లొంగుతుంది. డ్రైనేజీ, రబ్బరు బ్యాండు, ఉన్ని బట్ట, చవక రకం అట్టపెట్టె, ఉడికిన గుడ్డు, వీటన్నిటి నుంచీ ఆ వాయువు కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. అది వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కడుతుంది. పొర పల్చగా ఉన్నప్పుడు గడ్డి పసుపు, చిక్కబడే కొద్దీ ఎరుపు, ఊదా, నీలం, చివరికి నలుపు. సబ్బు బుడగ మీద రంగులు ఎలా పుడతాయో ఇవీ అలాగే పుడతాయి. గాలి ముందు అంచునే తాకుతుంది కాబట్టి పసుపు అక్కడే మొదలవుతుంది. ఇలా గాలికి వచ్చే రంగుని సేకర్తలు టోనింగ్ అంటారు. తెల్లటి మసక మాత్రం చాలాసార్లు టోనింగ్ కాదు. ముద్రణ సమయంలో కడిగిన మందు ఆనవాలు కావచ్చు, కవరు నుంచి లేచిన ఆవిరి కావచ్చు. ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సమస్య కాదు. వెండి నాణేల మీద తెల్లమచ్చలు తగ్గించడానికని కెనడా ప్రభుత్వ టంకశాల 2018లో ప్రత్యేకమైన పూత విధానమే తెచ్చింది.

అంటే ఈ నాణెం విషయంలో డీలర్ ‘రంగు మారుతుంది’ అన్న మాటలో నిజం ఉంది. వస్తువు తన సహజ గుణం కొద్దీ మారితే చట్టం దాన్ని లోపం అనదు. ‘ఎన్నేళ్ళయినా మారదు’ అని రాసిచ్చి ఉంటేనో, అమ్మే రోజుకే మసక ఉండి ఫొటోలో దాచి ఉంటేనో తప్ప దీని మీద గట్టిగా పోరాడమని నేను చెప్పను.

రూపాయి అలా కాదు. మీరు పంపిన ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూశాను. పచ్చదనం రాజుగారి గడ్డం వెంట్రుకల సందుల్లోనూ, అంగీ మీద హారంలో ఉండే ఆ చిన్న ఏనుగు చుట్టూనూ పట్టి ఉంది. (1911 నాణేల్లో ఆ ఏనుగు పందిలా కనిపిస్తోందని పెద్ద గొడవై 1912లో చెక్కడం మార్చారు. మీ దాంట్లో తొండం స్పష్టంగా ఉంది.) గాలికి వచ్చే రంగు ఇలా జిగురుగా ఉండదు. ఇది మెత్తటి పీవీసీ కవరు చేసే పని. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే కవర్లు చూడండి, వాటిలో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి ఊరుతుంది. వేడికీ తేమకీ ప్లాస్టిక్ విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది. ఆ రూపాయిలో 91.7 శాతం వెండి పోను మిగిలింది ప్రధానంగా రాగే. ఆమ్లం రాగిని పట్టుకుంటే వచ్చేది ఈ పచ్చదనమే. గోదావరి ఒడ్డు ఉక్కపోతలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కవరు ఎంచి నాణెం అందులో పెట్టి పంపింది డీలర్. నాణేలే వ్యాపారంగా చేసుకునే మనిషికి ఇది తెలియదంటే నమ్మడం కష్టం.

నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది మరొకటి. అతను పంపిన ఫొటోలో నూట ఏడేళ్ళ నాణెం పాలలా తెల్లగా ఉంది. అలా ఉండడం అసాధ్యం కాదు, గాలి తగలని చోట దాచిన నాణేలు ఉంటాయి. కానీ నల్లబడ్డ పాత వెండిని ఆమ్లం కలిపిన మందులో ముంచి తెల్లగా చేసి ‘ఒరిజినల్’ అని అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. సరిగా కడగకపోతే ఆ మందు మిగిలిపోయి నాణెం కొద్ది నెలల్లోనే మచ్చలు మచ్చలుగా రంగు తిరుగుతుంది. వందేళ్ళు చెక్కుచెదరనిది పది నెలల్లో పాడైందంటే ఆ ప్రశ్న అడగాల్సిందే. మందులో ముంచినదని తేలితే ‘చెయ్యి తగలని నాణెం’ అన్న వర్ణనే అబద్ధమవుతుంది.

ఇక చట్టం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మితే వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. ఆ సరుకు అమ్మడమే వృత్తి అయినవాడి దగ్గర కొంటే అది అమ్మకానికి తగిన నాణ్యతలో ఉండాలని 16వ సెక్షన్ అంటుంది. మీరు ఫొటో మాత్రమే చూసి కొన్నారు కాబట్టి ‘చూసుకుని కొన్నాడు’ అన్న వాదన నిలవదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 2(47) సెక్షన్ కింద లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని మొండికేయడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద ‘నో రిటర్న్’ అని అచ్చు వేసినంత మాత్రాన లోపాన్నీ తప్పుడు వర్ణననీ కప్పిపుచ్చలేరు.

ఒక చిక్కు మాత్రం దాచకుండా చెప్పాలి. నాణెం మీ దగ్గర ఏడాది పైన ఉంది. చాలాకాలం ఉంచుకుని మారు మాట్లాడకపోతే సరుకు అంగీకరించినట్టే అని వస్తు విక్రయ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ‘నాణెం తీసుకో, డబ్బంతా ఇవ్వు’ అన్నది మొదటి కోరికగా పెట్టండి. అది కాకపోతే విలువ తగ్గిన మేరకు నష్టపరిహారం అని రెండోది తప్పకుండా చేర్చండి. రెండోదే దక్కే అవకాశం ఎక్కువని నా అంచనా.

కేసు కోసం డీలర్ ఊరికి వెళ్ళే టెన్షన్ అక్కర్లేదు. కొనుగోలుదారు నివసించే చోటే వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది, అంటే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. 5 లక్షల లోపు సొమ్ముకు కోర్టు ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం నడిపే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, విచారణ వీడియోలో జరపమని కోరవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. మచ్చ చూసిన రోజు నుంచి లెక్కపెట్టాలని వాదించే వీలుంది, అయినా ఆ వాదన మీద ఆధారపడకండి. కొన్న తేదీ నుంచే లెక్కవేసుకుని 2026 ఆగస్టు లోపలే వేసేయండి. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, పదిహేను రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. చాలామంది డీలర్లు ఆ మెట్టు దగ్గరే రాజీకి వస్తారు.

నలభై ఏళ్ళుగా కొంటున్నారు కాబట్టి ‘ఇతను వినియోగదారుడు కాదు, వ్యాపారి’ అని అవతలివాళ్ళు అనవచ్చు. సరదాకి సేకరించేవారు వినియోగదారులే. లాభానికి తిరిగి అమ్మేవారు కారు. మీరు ఎప్పుడైనా నాణేలు అమ్మి ఉంటే ఆ సంగతి మీ లాయరుకు ముందే చెప్పండి.

సాక్ష్యాల్లో అన్నిటికన్నా విలువైనది ఆ కవరు. పారేయకండి. నాణేన్ని అంచు పట్టుకుని బయటికి తీసి పాలిస్టర్ కవర్లో, అంటే మైలార్ అంటారే అందులో పెట్టండి. పాత కవరుని విడిగా మూసి తేదీ రాయండి. ఎన్టీఆర్ నాణెంతో వచ్చిన కవరు కూడా అలాగే దాచండి, ల్యాబ్‌కి రెండు నమూనాలు దొరుకుతాయి. పరీక్ష లేకుండా లోపం తేలని చోట నమూనాని సీలు వేసి ప్రయోగశాలకు పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. ఫీజు మీరు కట్టాల్సి రావచ్చు. పచ్చటి జిగురు అసిటోన్‌తో పోతుందని అందరూ చెబుతారు, నిజమే, కానీ పరీక్ష అయ్యేదాకా ఆగండి. వాట్సాప్ సంభాషణని తేదీలతో సహా ప్రింటు తీసి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయండి.

చివరగా డాలస్ ప్రయాణం. ఇక్కడ ఆగండి మాస్టారూ. వందేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. ఒక్క రూపాయే కదా అని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఎవరూ ఊరుకోరు. అదే చట్టం పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలంటుంది, కాబట్టి నోటీసులో డీలర్ లైసెన్సు నంబరు కూడా అడగండి. ఎన్టీఆర్ నాణెం మాత్రం మీతో తీసుకెళ్ళవచ్చు. ఇక్కడ నివసించేవారు రెండు స్మారక నాణేల వరకు తీసుకెళ్ళడానికి ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, నిబంధనలు ఒప్పుకుంటాయి. రూపాయిని మీ అబ్బాయికి ఫొటోలోనే చూపించండి.