డేవ్‌కి స్నానం చేయించకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. మొదటిసారి చదువుతున్నప్పుడు మూడో పేజీ దగ్గర ఒళ్ళు మండి పక్కన పడేశాను. సాయంత్రం కాఫీ తాగాక మళ్ళీ తీశాను. మంట తగ్గలేదు కానీ ఈ ఉత్తరం రాయాలనిపించింది.

మంట దేనికంటావా? "డేవ్ బ్లాసింగేమ్ ధర్మం తప్పని వీరుడు, ఆడపిల్లల పాలిట అన్న, పేదల పాలిట అండ" అని రాశావు చూడు, దానికి. ఎవరి గురించి రాశావయ్యా ఇది? ‘ది వెస్టర్నర్’ అనే ఆ పాత అమెరికా టీవీ కౌబాయ్ సీరియల్, డేవ్ హీరోగా వచ్చింది, 13 భాగాలూ చూశానన్నావు. నేనూ చూశాను. మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు, బయట మోకాలి లోతు మంచు, ఇంట్లో హీటర్ గాలికి ముక్కు ఎండిపోతుంటే, అల్లుడి డీవీడీలు ఒక్కొక్కటీ తీసి చూశాను. నేను చూసిన డేవ్ నువ్వు రాసిన డేవ్ కాడు. నేను చూసినవాడు గడ్డం గీసుకోడు, మాట సగం గొంతులోనే మింగేస్తాడు, తాగుతాడు, కుక్కని తిడతాడు. ఎప్పటికైనా సొంతంగా ఒక పశువుల దొడ్డి పెట్టుకోవాలని ఆశ. అది తీరదని వాడికి తప్ప చూసేవాళ్ళందరికీ తెలుసు.

మొదటి భాగం ‘జెఫ్’ సంగతి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. అదే నాకు అనుమానం వచ్చిన చోటు. పేరు మగాడిదిలా ఉన్నా జెఫ్ ఆడపిల్ల. ఒకప్పుడు డేవ్‌కి తెలిసిన పిల్ల. ఇప్పుడు ఒక బార్‌లో, గ్లోవ్స్ లేకుండా వట్టి పిడికిళ్ళతో పోటీలు కొట్టి బతికిన ఒక మాజీ బాక్సర్ గుప్పిట్లో ఉంది. ఆమెని తీసుకుపోదామని మనవాడు వస్తాడు. బాక్సర్‌తో కొట్లాడతాడు. మన సినిమాల లెక్క ప్రకారం ఇక గుర్రం మీద ఎక్కించుకుని పోవడమే మిగిలింది. ఆమె రాదు. అంతే. అరగంట కార్యక్రమం, అందులో ప్రకటనలు పోగా మిగిలిన కాస్త టైములో, అదీ ఒక సీరియల్ మొట్టమొదటి రోజున, హీరో వట్టి చేతులతో వెళ్ళిపోయాడు. 1960లో అమెరికా టీవీలో అలా మొదలుపెట్టడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు. నువ్వు మాత్రం ఆ భాగాన్ని వ్యాసంలోంచి తీసి అవతల పెట్టావు. ఎందుకంటే అది ఉంచితే "ఆడపిల్లల పాలిట అన్న" అనే మాట నిలబడదు.

నేను నీకు చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇష్టమైనవాడి గురించి రాస్తున్నప్పుడు వాడికి స్నానం చేయించి, తల దువ్వి, బొట్టు పెట్టి తీసుకురాకు. వాడు ఎలా ఉన్నాడో అలాగే తీసుకురా. పాతికేళ్ళ కుర్రాళ్ళు రాసే జ్ఞాపకాల్లో అందరూ దేవుళ్ళే. తాతయ్య దేవుడు, లెక్కల మాస్టారు దేవుడు, చిన్నప్పుడు చూసిన సీరియల్ హీరో కూడా దేవుడే. ఇంతమంది దేవుళ్ళ మధ్య మనిషి కోసం నేను వెతుక్కోవాలి.

నీ వ్యాసంలో ఆ మనిషి ఒక్కచోట దొరికాడు. అది చెప్పకపోతే అన్యాయం. మీ ఇంటి ఓనరు ముసలాయన, డేవ్ కుక్క బ్రౌన్ తెర మీదికి వచ్చి ఏదో చేసేలోపే, ఇంకా చేయకముందే, నవ్వడం మొదలుపెట్టేవాడని రాశావు. ఎన్నిసార్లు చూస్తే ముందే నవ్వు వస్తుంది! ఆ వాక్యం చదివి నేను కళ్ళజోడు తీశాను. కానీ దానికి ఒక్క వాక్యమే ఇచ్చావు. తర్వాతి రెండు పేజీలూ "ఆ బంగారు రోజులు మళ్ళీ రావు", "ఆ మధుర స్మృతులు మది నిండా". ఆ రెండు పేజీలూ కొట్టేయ్. ఒక్క అక్షరం కూడా ఉంచొద్దు.

బ్రౌన్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. ఆ కుక్క అసలు పేరు స్పైక్. 1957లో డిస్నీ వాళ్ళ ‘ఓల్డ్ యెల్లర్’లో దేశం మొత్తాన్ని ఏడిపించింది అదే. అంత పెద్ద స్టార్‌ని తెచ్చుకుని, ఈ సీరియల్ పుట్టించిన శామ్ పెకిన్‌పా ఏం చేయించాడో గమనించావా? కథానాయకుడి ప్రాణం కాపాడే పని పెట్టుకోలేదు. దాని పేరుతోనే ఒక భాగం ఉంది కదా, అందులో బర్గండీ స్మిత్ అనే మాటకారి ఆ కుక్కని కొనేస్తానని వెంటపడతాడు, ఇద్దరూ కలిసి పీకలదాకా తాగుతారు. జాన్ డెనర్ ఆ వేషం ఎంత కులాసాగా వేశాడో! ఆ భాగం రాసింది బ్రూస్ గెల్లర్. ఆరేళ్ళ తర్వాత ‘మిషన్ ఇంపాజిబుల్’ సీరియల్ పుట్టించినది ఆయనే. డేవ్ వేషం వేసిన బ్రయన్ కీత్ ఆ తాగుడు సీన్లలో నటిస్తున్నట్టు ఉండడు, నిజంగా ఒక గ్లాసు ఎక్కువైనవాడిలా ఉంటాడు. ఇదంతా నువ్వు రాయాల్సింది. "నటన అద్భుతం" అని ముగించావు.

ఇక నీ వ్యాసంలో నాలుగో వంతు ఆ సీరియల్‌ని మూడు నెలలకే ఆపేశారన్న ఏడుపు. అకాల మృత్యువు, వ్యాపారం చేతిలో కళ బలి. ఏడ్చింది చాలు. సెప్టెంబరు 30 శుక్రవారం రాత్రి ఎన్‌బీసీ ఛానల్లో ఇది మొదలైంది. అదే రాత్రి, అదే టైముకి, ఏబీసీలో ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ మొదలైంది. వారం తిరిగేసరికి సీబీఎస్‌లో కారులో దేశం తిరిగే కుర్రాళ్ళ కథ ‘రూట్ 66’ వచ్చి కూర్చుంది. పిల్లలు కార్టూన్ వైపు, కుర్రాళ్ళు కారు వైపు పోయారు. డిసెంబరు 30న ఆఖరి భాగం. ఇందులో విలన్ ఎవరూ లేరు. ‘గన్‌స్మోక్’ అనే ఇంకో కౌబాయ్ సీరియల్ 20 ఏళ్ళు నడిచింది, 635 భాగాలు. అన్నేళ్ళు ప్రతి వారం జనం ఇంట్లోకి రావాలంటే ఆ మనిషి గుమ్మంలో చెప్పులు విప్పి రావాలి. డేవ్ బూట్లతోనే వస్తాడు. అలాంటివాణ్ణి ఎవరైనా ఎన్నాళ్ళు రానిస్తారు? 13 వారాలు రానిచ్చారు, నా దృష్టిలో అది ఎక్కువే.

పెకిన్‌పాకి ఇది తెలియక కాదు. అంతకు ముందు 1958లో ‘ది రైఫిల్‌మాన్’ అనే సీరియల్ పుట్టించిందీ ఆయనే. అది బ్రహ్మాండంగా ఆడింది. కానీ ఆ కథ ఎటు నడవాలన్న దగ్గర నిర్మాతలతో పడక బయటికి వచ్చేశాడు. ఆడుతున్న బండి దిగి, ఎవరూ ఎక్కనివ్వని మనిషిని వెంటబెట్టుకుని ఇంకో చోట మొదలుపెట్టాడు. నీకు రాయడానికి ఇంత సామగ్రి ఉంటే "కళ బలి" అని పోతావేంటి?

ఇక్కడ నా సొంత గోడు ఒకటి చెప్పకుండా ఉండలేను. మా మామయ్య ఒకాయన లారీ డ్రైవరు. నేను డిగ్రీ చదివే రోజుల్లో గుంటూరులో ఆయన గదిలోనే ఉండేవాణ్ణి. రాత్రి లారీ దిగి వచ్చేసరికి నోరు తెరిస్తే సారా కంపు. నా ఫీజు డబ్బులు ఒకసారి పేకాటలో పోగొట్టాడు. మర్నాడు తన వాచీ అమ్మి తెచ్చి ఇచ్చి, "ఇవి కూడా నా దగ్గర ఉంచకు" అన్నాడు. ఆయన మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయింది. తీరా చూస్తే ఆఖరి పేరా నాది కాదు. మామయ్య తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుని, ఇక తాగనని ఒట్టేసి, మేనల్లుడి పట్టా చూసి కన్నీళ్ళు పెట్టుకుంటాడు! ఎడిటర్ గారికి ఉత్తరం రాస్తే, "పాఠకులకు పాత్ర మీద సానుభూతి కలగాలి కదండీ" అని కార్డు ముక్క వచ్చింది. మా అమ్మ ఆ కథ పూర్తిగా చదివి, పత్రిక మడిచి, "బాగుంది గానీ, ఇది మా తమ్ముడి గురించి కాదు గదరా" అంది. మామయ్యకి చదివి వినిపించే ధైర్యం నాకు లేకపోయింది. గుండు సంగతి వింటే తన్నేవాడు.

ఆ ఎడిటర్ పోయారు, ఆ పత్రికా పోయింది. ఆ ఆఖరి పేరా మాత్రం పోలేదు. అది ఇప్పుడు ‘ఫీల్ గుడ్’ అని పేరు మార్చుకుని తిరుగుతోంది. ఏ కథల పోటీ బహుమతుల సంచిక తీసినా ఆఖర్న ఎవరో ఒకరు మారిపోయి కూర్చుంటారు. అత్త మారుతుంది, కొడుకు మారతాడు, ఊరి సర్పంచ్ మారతాడు. మారనివాడికి కన్సొలేషన్ కూడా రాదు.

ఇది ఒక్క మన దగ్గరే అనుకోకు. ‘ట్విలైట్ జోన్’ సీరియల్ తీసిన రాడ్ సెర్లింగ్ 1965లో సీబీఎస్‌కి ‘ది లోనర్’ అని ఒక వెస్టర్న్, అంటే కౌబాయ్ సీరియల్, చేశాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక సైన్యంలోంచి బయటపడి పడమటికి పోయే ఒక కెప్టెన్, లాయిడ్ బ్రిడ్జెస్ వేశాడు. యుద్ధం చేసిన మనిషి లోపల ఏమవుతుందో రాద్దామని సెర్లింగ్ ఆశ. ఛానల్ వాళ్ళేమో తుపాకులు ఇంకా పేలాలి, గుర్రాలు ఇంకా పరుగెత్తాలి అన్నారు. సెర్లింగ్ ఊరుకునే రకం కాదు, బహిరంగంగానే గొడవపడ్డాడు. 26 భాగాలతో సరి. నేను ఆ గొడవ గురించి చదివినప్పుడు, నిజం చెప్పొద్దూ, మనసులో కొంచెం సంతోషం కలిగింది. అంతటివాడికే తప్పలేదు.

మనకి కౌబాయ్ అంటే టోపీ, చుట్ట, గుర్రం దుమ్ము. 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు, ఆరుద్ర రాసిన ఆ కథకి ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఈలల మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ నువ్వు ‘ది వెస్టర్నర్’ గురించి రాసేటప్పుడు ఆ ఈలే వేశావు. డేవ్‌కి ఈల పనికిరాదు. దూరం నుంచి కొట్టే మనిషి అని తెలియడానికి వాడి వించెస్టర్ తుపాకికి టెలిస్కోప్ బిగించారు, గుర్తుందా? అది చూసి నువ్వు "గురి తప్పని యోధుడు" అన్నావు. నాకైతే అది ఎదురుపడకుండా పని కానిచ్చుకునేవాడి తుపాకిలా కనిపించింది. ఇద్దరిలో ఎవరు కరెక్టో వాదించుకోవచ్చు. కానీ నువ్వు వాదనకి చోటే ఇవ్వలేదే!

నీ వ్యాసంతో పాటు పంపిన మెయిల్ గురించి. వ్యాసం కంటే ఆ మెయిల్ నాకు ఎక్కువ నచ్చింది. అందులో మాట వరసకి రాశావు: రూమ్ ఖాళీ చేసేటప్పుడు ఆ ఓనరు ముసలాయన కార్పెట్ మీద మరక ఉందని నీ డిపాజిట్‌లో సగం కోసేశాడని. ఆదివారాలు నీతో కూర్చుని బీర్ తాగుతూ 13 భాగాలూ చూపించిన మనిషి! అది వ్యాసంలో ఎందుకు లేదు? వ్యాసంలో ఆయన "తండ్రిలాంటివాడు". తండ్రిలాంటివాడు నీ డబ్బులు ఎలా కోశాడు? ఆ రోజు ఏమన్నాడు? నువ్వేమన్నావు? నెమ్మదిగా చెప్పాడా, కాగితం మీద రాసి తలుపు కింద తోశాడా? ఎంత కోశాడో అంకెతో రాయి, డాలర్లలో. ఆ తర్వాత, ముందే నవ్వే ఆ నవ్వు కూడా అక్కడే రాయి. రెండూ ఒకే మనిషివి. ఒకటి రాసి ఇంకోటి దాచేస్తే నువ్వూ మా ఎడిటర్ గారూ ఒకటే.

డిపాజిట్ రాస్తే ఆయన్ని అవమానించినట్టు అవుతుందేమోనని నీకు భయం కావచ్చు. ‘లైన్ క్యాంప్’ అనే భాగం మళ్ళీ చూడు. టామ్ గ్రీస్ రాసి తీసింది. దాన్నే పెంచి ఆయన 1968లో చార్ల్‌టన్ హెస్టన్‌తో ‘విల్ పెన్నీ’ సినిమా తీశాడు. మూడు నెలల్లో మూసేసిన సీరియల్‌లోని అరగంట ముక్కకి సినిమా అయ్యేంత బలం ఎక్కడిదనుకున్నావు? కూలికి పశువులు కాసుకునే కౌబాయ్‌ని కూలివాడిగానే చూశాడు, మెచ్చుకుందామని కూర్చోలేదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు రాయి. డబ్బులిస్తారా అని కూడా అడిగినట్టున్నావు, నవ్వొచ్చింది.

మళ్ళీ రాసి సంక్రాంతి లోపు పంపు. ఆ తర్వాత నాకు రెండో కంటి శుక్లాల ఆపరేషన్ ఉంది, నెల రోజులు ఏమీ చదవనివ్వరట. అక్షరాలు పెద్ద సైజులో పెట్టు. పీడీఎఫ్ వద్దు, అది నా ఫోన్‌లో తెరుచుకోదు.