‘బొక్క’ అని రాయొచ్చా? ‘నరం’ అంటే ఏది?

సందేహం: హనుమకొండలో ఫిజియోథెరపీ చదువుతున్నాను. ఎముకలు, కీళ్ల వార్డు నుంచి ఇంటికి వెళ్లేవాళ్ల కోసం తెలుగులో ఒక కరపత్రం తయారు చేస్తున్నాం. అందులో ‘బొక్క విరిగితే’ అని రాస్తే, అది మోటుమాట, ‘ఎముక’ అనో ‘అస్థి’ అనో మార్చమన్నారు. వచ్చేవాళ్లంతా బొక్క అనే అంటారు. ఏది రాయాలి? ‘నరం పట్టింది’, ‘గుజ్జు అరిగింది’ అనే మాటలను ఉన్నవి ఉన్నట్టే వాడొచ్చా?

సమాధానం: ‘బొక్క’ మోటుమాట కాదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు అది ఇంటిమాట. బొక్కల దవాఖాన, బొక్కల డాక్టరు, తుంటిబొక్క, పక్కబొక్కలు, కూరలో నల్లిబొక్క. ఒక్క మాట చుట్టూ ఇన్ని మాటలు అల్లుకున్నాయంటే దాని వేరు ఎంత లోతుగా ఉందో చూడండి. కోస్తాలో మాత్రం బొక్క అంటే చిల్లు. ఆ అర్థం మనసులో ఉన్నవారికి మీ వాక్యం ఎబ్బెట్టుగా తోచి ఉంటుంది. మన దగ్గర చిల్లును పొక్క అంటాం కాబట్టి ఇక్కడి పాఠకుడికి ఆ తికమక లేదు.

‘ఎముక’ కూడా మన మాటే. తమిళంలో ఎలుంబు, కన్నడంలో ఎలుబు, మన పాత కావ్యాల్లో ఎమ్ము, అన్నీ ఒక కుదురువే. ‘అస్థి’ సంస్కృతం నుంచి వచ్చింది. భుజాస్థి, ఊర్వస్థి వంటి పాఠ్యపుస్తకాల సమాసాల్లో అది ఒదుగుతుంది, రోగి చేతి కాగితంలో ఒదగదు. మొదటిసారి ‘బొక్క (ఎముక)’ అని రాసి, తర్వాత బొక్క అనే కొనసాగించండి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆయన పేరుతో వరంగల్‌లోనే ఉంది. ఈ ఊళ్లో రోగికిచ్చే కాగితం మీద జనం మాట ఉండటానికి సంకోచం అక్కర్లేదు.

మీరు నిజంగా జాగ్రత్త పడవలసిన మాట బొక్క కాదు, నరం. మన వాడుకలో ఈ ఒక్క మాట అయిదు వేర్వేరు వాటిని మోస్తోంది. ‘సెలైన్ పెట్టడానికి నరం దొరకలేదు’ అన్నప్పుడు అది రక్తనాళం. ‘నడుము నుంచి కాలి దాకా నరం లాగుతోంది’ అన్నప్పుడు నిజంగానే నరం. ‘మడమ వెనక నరం తెగింది’ అంటే పిక్క కండరాన్ని మడమ బొక్కకు పట్టి ఉంచే తాడు. ‘మోకాలులో నరం తెగింది’ అంటే తొడ బొక్కను కింది బొక్కతో కలిపి ఉంచే పట్టీ. ‘రాత్రి పిక్కలో నరం పట్టింది’ అన్నప్పుడైతే అక్కడ పట్టేసింది కండరమే.

ఈ కలగలుపు వల్ల చికిత్సే తారుమారవుతుంది. పిక్క కండరం పట్టేస్తే కాలు చాపి, మోకాలు వంచకుండా, పాదం వేళ్లను తమవైపు లాగి పట్టుకుంటే సాధారణంగా కొద్ది నిమిషాల్లో వదులుతుంది. నరం నొక్కుకుపోతే తీరు వేరు. తిమ్మిరి, మొద్దుబారడం, చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం కనిపిస్తాయి. నడుము నొప్పితోపాటు రెండు కాళ్లూ మొద్దుబారి, మూత్రం మీద పట్టు తప్పితే అదే రోజు దవాఖానకు రావాలి. ఈ రెండింటికీ మీ కరపత్రం ‘నరం’ అనే రాస్తే, రావలసినవాడు ఇంట్లో కాలు చాపుకుని కూర్చుంటాడు. కీలెరిగి వాత పెట్టమన్న మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

కాబట్టి నరం అనే మాటను తిమ్మిరి, స్పర్శ, పట్టు చెప్పే చోటికే పరిమితం చేయండి. పాఠ్యపుస్తకాల్లో దీనికి ‘నాడి’ అని ఉంటుంది, దాన్ని మాత్రం తేవద్దు. నాడి అంటే జనానికి మణికట్టు దగ్గర పట్టి చూసేది. స్నాయుబంధనం (టెండన్), సంధిబంధనం (లిగమెంట్) అనే జంట కూడా చెవికి ఒకేలా వినిపిస్తుంది, చదివినవారికే తడబాటు. ‘కండరాన్ని బొక్కకు కట్టే తాడు’, ‘కీలు దగ్గర బొక్కను బొక్కకు కట్టే పట్టీ’ అని ఒకసారి విడమరచండి. రెండోదానికి లిగమెంట్ అనే మాటనూ జోడించండి, డాక్టరు నోట రోగి వినేది అదే.

‘గుజ్జు’ మాట కూడా ఇబ్బందే. మోకాలులో అరిగేది బొక్కల చివర అతుక్కుని ఉండే నున్నటి పొర, మృదులాస్థి. కీలు లోపల జారుడుగా ఉండే ద్రవం వేరు. ‘గుజ్జు’ అనగానే రెండూ కలిసిపోయి, తింటే మళ్లీ నిండే పదార్థమేదో అక్కడ ఉందనిపిస్తుంది. అందుకే నల్లిబొక్కల సూపు తాగితే మోకాలు బాగుపడుతుందన్న నమ్మకం. ఆ పొరకు రక్తనాళాలు లేవు, అరిగితే తనంతట తాను పూడుకోవడం చాలా తక్కువ. బరువు తగ్గడం, తొడ ముందు కండరాలను బలపరిచే వ్యాయామం చేయడం మోకాలు మీద భారాన్ని తగ్గిస్తాయి. ‘గుజ్జు అంటే బొక్కల చివరనుండే నున్నటి పొర’ అని ఒక్క వాక్యం రాశాక ఆ మాట వాడుకోండి, జనం నోట్లో ఉన్న మాటను తీసేయనక్కర్లేదు.

దెబ్బ తగిలినప్పటి క్రియల్లో మన భాష చాలా కచ్చితం, వాటిని వదులుకోకండి. బొక్క విరుగుతుంది లేదా చిట్లుతుంది, కీలు బెణుకుతుంది లేదా జారుతుంది. బెణికితే లిగమెంట్ సాగినట్టు, కొంత తెగినట్టు. గూడ జారితే రెట్ట బొక్క తల తన గిన్నెలోంచి తప్పినట్టు, ఆ గిన్నె లోతు తక్కువ కాబట్టే గూడ సులువుగా జారుతుంది. పక్కనే నరాలు, రక్తనాళాలు ఉంటాయి కనుక ఎవరితోనూ లాగించుకోవద్దని గట్టిగా రాయండి. ‘క్రాక్ మాత్రమే, ఫ్రాక్చర్ కాదు’ అని తేలిగ్గా తీసుకునేవారు చాలామంది. చిట్లినా అది ఫ్రాక్చరే. ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో వేయండి. కట్టు వేశాక వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, మొద్దుబారినా, నొప్పి తగ్గకపోగా పెరిగిపోతున్నా కట్టు బిగుసుకుందని గుర్తు. తెల్లారేదాకా ఆగకుండా రావాలని దాని కిందే చెప్పండి.

ఇక చిన్నవి మూడు. ‘కండ పట్టింది’ అని రాయకండి, ఒళ్లు చేసి పుష్టిగా అయ్యాడని అర్థం. ‘కండరం పట్టేసింది’ అనాలి. మోకాలు ఒక్కటైతే ‘మోకాలి నొప్పి’, ‘మోకాలి చిప్ప’, రెండైతే ‘మోకాళ్ల నొప్పులు’. ‘మోకాళు’ అని ళ కింద ఒత్తు లేకుండా రాస్తున్నారు, అది అచ్చుతప్పు. ‘ఇరిగింది’ అని మాట్లాడినా, కాగితం మీద ‘విరిగింది’ అనే ఉంచండి. పలికే తీరు ఏదైనా చదవడానికి అడ్డు రాదు.