పాపకు ఆస్తమా ఉంది: యూనివర్సిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలా, ఇక్కడి పాలసీ సరిపోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మా పాప బీటెక్ పూర్తి చేసి ఆగస్టులో ఎంఎస్‌కు అమెరికా వెళ్తోంది. ఎఫ్-1 వీసా వచ్చింది. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ వాడుతుంది. యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఏడాదికి 2,900 డాలర్లు. కన్సల్టెన్సీ వాళ్లు ఇక్కడే 38,000 రూపాయలకు స్టూడెంట్ పాలసీ ఇప్పిస్తామంటున్నారు. ఆస్తమా సంగతి ఫారంలో రాయక్కర్లేదు, రాస్తే ఇబ్బంది అన్నారు. ఏది తీసుకోమంటారు? మా అన్నయ్య కొడుకు వచ్చే ఏడాది జర్మనీకో ఆస్ట్రేలియాకో వెళ్దామనుకుంటున్నాడు. వాడికీ ఇదే పద్ధతా?

జవాబు: నమస్కారమండీ. మీరు డబ్బు గురించి అడిగారు గానీ, ముందు ఆ ఫారం సంగతి చెప్పాలి. ఆస్తమా ఉందని రాయాల్సిందే. రాయొద్దన్న వాళ్ల మాట వినకండి.

ఎందుకో చెబుతాను. నవంబరులో చలి ముదిరిన ఒక రాత్రి పాపకు ఆయాసం వచ్చిందనుకోండి. ఇన్‌హేలర్ రెండు మూడుసార్లు పీల్చినా తగ్గకపోతే రూమ్మేట్ ఎమర్జెన్సీకి తీసుకెళ్తుంది. అక్కడ నర్సు మొదట అడిగేది ‘ఇది ఎప్పటి నుంచి ఉంది?’ అనే. ఊపిరి ఆడని పిల్ల అబద్ధం చెప్పదు, చెప్పకూడదు కూడా. ‘చిన్నప్పటి నుంచి’ అంటుంది. ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పెట్టినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది ఆ రికార్డునే. దాంతో పోల్చి చూడటానికి మీరు ఇక్కడ నింపిన ప్రపోజల్ ఫారం తీస్తారు. ‘గతంలో ఏవైనా జబ్బులు ఉన్నాయా?’ అన్న గడిలో ‘లేవు’ అని ఉంటుంది, కింద మీ పాప సంతకం ఉంటుంది. క్లెయిమ్ పోతుంది, పాలసీని కూడా రద్దు చేయవచ్చు. రాయొద్దని చెప్పినవాళ్ల పేరు ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.

అయితే రాసినంత మాత్రాన సమస్య తీరిపోదు. మన దగ్గర అమ్మే స్టూడెంట్ ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. కొన్నిటిలో ప్రాణం మీదికి వస్తే మాత్రం కొంత పరిమితి దాకా ఇస్తారు. మీరు పంపిన పాలసీ కాగితాలు రాత్రి కూర్చుని చివరి దాకా చదివాను. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో 2,50,000 డాలర్లు అని ఉంది. పదకొండో పేజీకి వెళ్తే సన్న అక్షరాల్లో పాత జబ్బులకు ‘ప్రాణాపాయ స్థితిలో మాత్రమే, 10,000 డాలర్లకు లోబడి’ అని ఉంది. అంటే పాప విషయంలో ఆ రెండున్నర లక్షల అంకె ఆస్తమాకు పనికిరాదు. ప్రాణం మీదికి రాకముందే డాక్టరు దగ్గరికి వెళ్తే, రాసిచ్చిన మందులు కొంటే ఆ ఖర్చంతా మీదే. ఆస్తమాకు అసలైన వైద్యం ప్రాణం మీదికి రాకుండా చూసుకోవడమే కదండీ.

చట్టం సంగతి. ఎఫ్-1 వీసాకు ఇన్సూరెన్స్ ఉండి తీరాలని అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ఏదీ లేదు. ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల మీద వెళ్లేవాళ్లకు ఇచ్చే జె-1 వీసాకు ఉంది: ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవరేజీ, మన జేబు నుంచి ముందు కట్టాల్సిన డిడక్టబుల్ 500 డాలర్లకు మించకూడదు, ఇలా అంకెలతో సహా ఉంది. ఎఫ్-1 పిల్లలకు షరతు పెట్టేది యూనివర్సిటీలే. చాలా చోట్ల అడ్మిషన్ తీసుకోగానే వాళ్ల ప్లాన్‌లో పేరు దానంతట అదే చేరిపోతుంది, ఫీజు బిల్లులో ఆ మొత్తం కలిసి వస్తుంది. బయటి పాలసీ చూపించి అది వద్దనుకోవాలంటే ‘వేవర్’కు దరఖాస్తు చేసుకోవాలి. దానికి గడువు ఉంటుంది, సాధారణంగా సెమిస్టర్ మొదలైన కొద్ది వారాల్లోనే ముగుస్తుంది. కొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకు వేవర్ ఇవ్వనే ఇవ్వవు.

ఈ ఒక్క ముక్క తెలియక డబ్బు పోగొట్టుకున్న ఒక అబ్బాయి నాకు బాగా గుర్తు. పటమట నుంచి వచ్చేవాడు, ఆరోగ్యంగా ఉండే కుర్రాడు. బయలుదేరే ముందు ఇక్కడే ఏడాదికి పాలసీ కొన్నాడు. అక్కడికి వెళ్లి వేవర్ ఫారం తెరిస్తే వరసగా ప్రశ్నలు: పాత జబ్బులకు వర్తిస్తుందా? మానసిక వైద్యానికి వర్తిస్తుందా? క్లెయిములు చూసే ఆఫీసు అమెరికాలో ఉందా? మూడింటికీ లేదనే రాయాల్సి వచ్చింది. వేవర్ తిరస్కరించారు. యూనివర్సిటీ ప్రీమియం కట్టక తప్పలేదు, ఇక్కడ కట్టింది వెనక్కి రాలేదు. వాళ్ల నాన్న నా ఎదుట కూర్చుని ‘ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదండీ’ అన్నారు. ఆ మాట నిజం. నేను ఆ రోజుల్లో కోర్సు, యూనివర్సిటీ, లోను గురించి చెప్పి పంపించేవాణ్ని, ఇన్సూరెన్స్ గురించి అడిగితేనే చెప్పేవాణ్ని. అప్పటి నుంచి ఎవరు వచ్చినా ముందు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో వేవర్ నిబంధనల పేజీ తీసి, ప్రింటు వేసి చేతిలో పెడుతున్నాను. మీరు కూడా పాలసీ కాగితాలు చూడకముందే ఆ పేజీ చూడండి.

ఇక ఖర్చు లెక్క. మన దగ్గర హెల్త్ కార్డు ఇస్తే ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే టీపీఏ కౌంటర్ వాళ్లు క్యాష్‌లెస్ చేసేస్తారు. లేదంటే ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్ ఉంది, 108కి ఫోన్ చేస్తే పైసా లేకుండా అంబులెన్స్ వస్తుంది. అక్కడ 911కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది గానీ దానికీ బిల్లు వస్తుంది, వందల్లో కాదు, ఒక్కోసారి వేల డాలర్లలో. డబ్బు లేదని ఎమర్జెన్సీలో వైద్యం ఆపరు, 1986 నుంచి చట్టమే ఉంది. ముందు ప్రాణం నిలబెడతారు, బిల్లు తర్వాత పోస్టులో వస్తుంది.

ఆ బిల్లు ఎలా పంచుతారో ఒక ఉదాహరణతో చూడండి. ఎమర్జెన్సీ బిల్లు 8,000 డాలర్లు అయ్యిందనుకుందాం. పాలసీలో డిడక్టబుల్ 500, కో-ఇన్సూరెన్స్ 20 శాతం. మొదటి 500 మీరే కట్టాలి. మిగిలిన 7,500లో 20 శాతం, అంటే 1,500 కూడా మీదే. మొత్తం 2,000 డాలర్లు మీ జేబులోంచి పోతాయి. డాలరు 90 రూపాయలని వేసుకుంటే 1,80,000. ఇన్సూరెన్స్ ఉన్నా ఇంత. అందుకే ‘అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్’ అన్న గడి వెతకండి. ఏడాదిలో కవరేజీ ఉన్న ఖర్చుల్లో మీ వాటా ఆ అంకె దాటితే మిగతాది కంపెనీయే భరించాలి. చవక పాలసీల్లో చాలావాటికి ఆ గడి ఉండదు. దానికి బదులు కంపెనీ ఇచ్చేదానికి పరిమితులు ఉంటాయి: గదికి రోజుకు ఇంత, డాక్టరుకు ఇంత అని. ఒకటి మీ ఖర్చుకు హద్దు పెడుతుంది, ఇంకోటి కంపెనీ ఖర్చుకు హద్దు పెడుతుంది. తేడా అదేనండీ.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా: పాపకు యూనివర్సిటీ ప్లానే తీసుకోండి. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం, ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా నడిచే యూనివర్సిటీ ప్లాన్లలో పాత జబ్బు పేరు చెప్పి కవరేజీ నిరాకరించకూడదు. కొన్ని యూనివర్సిటీలు కంపెనీ లేకుండా సొంత నిధితో నడుపుకుంటాయి, వాటిలో ఈ రక్షణ ఉండకపోవచ్చు. మీది ఏ రకమో స్టూడెంట్ హెల్త్ ఆఫీసుకు పాప చేత ఒక మెయిల్ పెట్టించి తెలుసుకోండి. ‘నాకు ఆస్తమా ఉంది, నెలనెలా ఇన్‌హేలర్ కావాలి, మీ ప్లాన్‌లో మొదటి రోజు నుంచే కవర్ అవుతుందా?’ అని సూటిగా రాయమనండి. జవాబును దాచిపెట్టుకోండి. అక్కడ డాక్టరు చీటీ లేకుండా చాలా ఇన్‌హేలర్లు ఇవ్వరు. మన మెడికల్ షాపులో కొన్ని వందల రూపాయలకు దొరికేది ఇన్సూరెన్స్ లేకుండా కొంటే కొన్నిటికి వందల డాలర్లు అవుతుంది.

2,900 డాలర్లంటే తక్కువ కాదని నాకు తెలుసు. ఈ సీజన్‌లో యార్డులో ధర ఎలా ఉందో మీకే బాగా తెలుసు. భారం కొంత తగ్గుతుందేమో మూడు విషయాలు చూడండి. ఒకటి, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రంలో ఖర్చుల పట్టిక. చాలా యూనివర్సిటీలు ఇన్సూరెన్స్‌ను అందులో ముందే కలుపుతాయి. అలా ఉంటే మీరు లోనుకు లెక్క వేసిన మొత్తంలో అది ఇప్పటికే ఉంది, కొత్త ఖర్చు కాదు. రెండు, ఏడాది మొత్తం ఒకేసారి కట్టాలా, సెమిస్టర్‌కు సగం చొప్పునా అన్నది. మూడు, పాపకు తర్వాత టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో అవకాశం వస్తే చాలా చోట్ల ప్రీమియంలో కొంతగానీ మొత్తంగానీ యూనివర్సిటీయే భరిస్తుంది.

ఏ జబ్బూ లేని పిల్లలకు నేను ఇలా చెప్పను. యూనివర్సిటీ ఒప్పుకుంటే, వేవర్ నిబంధనలకు సరిపోయేలా అమెరికాలోనే అమ్మే విద్యార్థి ప్లాన్లు తక్కువలో దొరుకుతాయి. మీ పాపకు మాత్రం వద్దు.

ఒక చిన్న ఖాళీ ఉంది, చాలామంది చూసుకోరు. యూనివర్సిటీ ప్లాన్ ఏ తేదీ నుంచి మొదలవుతుందో చూడండి. పాప వారం పది రోజులు ముందే దిగితే ఆ మధ్య రోజులకు ఏ కవరేజీ ఉండదు. ఆ కొద్ది రోజులకే ఇక్కడ ట్రావెల్ పాలసీ తీసుకోండి, అందులోనూ ఆస్తమా రాయండి. సామాను పోయినా, పాస్‌పోర్టు పోయినా అదే పనికొస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన ఏడాది పాలసీ అక్కర్లేదు.

వెళ్లేలోగా పళ్లు, కళ్లు ఇక్కడే చూపించండి. పెద్దవాళ్ల పళ్ల వైద్యం, కళ్లజోళ్లు అక్కడి ఆరోగ్య ప్లాన్లలో మామూలుగా ఉండవు, వేరే కొనాలి. రూట్ కెనాల్ చేయించాల్సి ఉంటే బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఇప్పుడే చేయించేయండి, కళ్లజోడు రెండు జతలు సర్దండి. ఇన్‌హేలర్లు మూడు నెలలకు సరిపడా, డాక్టరు ఇంగ్లీషులో టైపు చేయించి ఇచ్చిన చీటీతో, అట్టపెట్టెల్లోనే పెట్టి చేతి సంచిలో పంపండి. చెక్-ఇన్ సూట్‌కేసులో వద్దు, అది ఒకరోజు ఆలస్యంగా వస్తే పిల్ల ఇబ్బంది పడుతుంది. మందు కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు చీటీ మీద ఉండాలి, అక్కడి డాక్టరుకు అర్థమయ్యేది అదే.

పాపకు మీరు నేర్పి పంపాల్సింది ఇంకోటి ఉంది. ఒంట్లో బాగాలేకపోతే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్. అది మూసి ఉంటే, తట్టుకోగలిగితే, ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్. ఊపిరి ఆడకపోతే మాత్రం బిల్లు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 911. ఖర్చుకు భయపడి గదిలో పడుకున్న పిల్లలు ఉన్నారండీ. నాన్నకు భారమవుతుందని వాళ్ల భయం. ఆ భయం పెట్టుకోవద్దని మీ నోటితో మీరే చెప్పండి, నేను చెప్పేదానికన్నా అది గట్టిగా నిలుస్తుంది.

మీ అన్నయ్యగారి అబ్బాయికి పద్ధతి పూర్తిగా వేరు. ఆస్ట్రేలియా అయితే వీసా షరతే అది: చదువు కాలమంతటికీ ఓఎస్‌హెచ్‌సీ అనే విదేశీ విద్యార్థుల ఆరోగ్య ఇన్సూరెన్స్ ఉండాలి. చాలా పాత జబ్బులకు అందులో 12 నెలల వెయిటింగ్ ఉంటుంది, అంటే అప్పటిదాకా వాటి ఖర్చు ఇవ్వరు. పళ్లు, కళ్లజోళ్లు దాంట్లో ఉండవు. జర్మనీలో 30 ఏళ్ల లోపు విద్యార్థులు ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో విద్యార్థి రేటుకు చేరవచ్చు, నెలకు 140 యూరోల పైన అవుతుంది. పాత జబ్బులనూ చూస్తుంది. అక్కడ చవకగా ఉందని ప్రైవేటు పాలసీ తీసుకుని ప్రభుత్వ ఇన్సూరెన్స్ వద్దని రాసిస్తే, ఆ చదువు అయ్యేదాకా మళ్లీ లోపలికి రానివ్వరు. కాబట్టి ఎవరో ఏజెంటు పంపిన కాగితం మీద తొందరపడి సంతకం చేయొద్దని చెప్పండి. యూనివర్సిటీలో పేరు నమోదయ్యే వరకు మాత్రం విడిగా ట్రావెల్ పాలసీ కావాలి. ఒకవేళ మనసు మార్చుకుని బ్రిటన్ అంటే, వీసా దరఖాస్తుతోనే ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి మొత్తం వీసా కాలానికి ముందే కట్టాలి, అది కడితే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో వైద్యం అందుతుంది.

ఆ 38,000 రూపాయల పాలసీకి ప్రపోజల్ ఫారం నింపి ఇచ్చేశారో లేదో మీరు రాయలేదు. ఇచ్చి ఉంటే రేపే వెళ్లి వెనక్కి తీసుకోండి. డబ్బు కూడా కట్టేసి ఉంటే, ప్రయాణం మొదలుకాకముందే రద్దు చేయమని కంపెనీకి మీరే మెయిల్ పెట్టండి, కన్సల్టెన్సీ మీద వదలకండి. పాలసీ కాపీ, కట్టిన రసీదు నాకు పంపితే ఆ మెయిల్ ఎలా రాయాలో నేను చెబుతాను.