ఇంజిన్ వేడెక్కడం లేదా? అట్ట ముక్క పక్కన పెట్టి థర్మోస్టాట్ చూడండి

చలికాలంలో ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యకు రావడం లేదని, రేడియేటర్ ముందు అట్ట ముక్క అడ్డం పెడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఒకప్పుడు నేనూ అట్టపెట్టె చింపి పెట్టినవాణ్ణే కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అప్పుడు నాకో పాత పెట్రోలు కారు ఉండేది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. డిసెంబరులో ఒకరోజు తెల్లవారకముందే అమ్మానాన్నలను ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద బయల్దేరాను. ఎక్కుతున్నంతసేపూ ముల్లు సగానికి కాస్త కింద ఉంది. దిగడం మొదలుపెట్టాక మెల్లగా జారి జారి అట్టడుక్కి పోయింది. హీటర్ చివరిదాకా తిప్పినా వచ్చేది చల్లగాలే. ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసింది. అమ్మ తన చీర చెంగుతో తుడుస్తూ ఉంటే నేను ఆ కాస్త సందులోంచి రోడ్డు చూస్తూ నడిపాను. వెనక సీట్లో నాన్న శాలువా మెడ దాకా లాక్కుని, "హీటర్ అన్నావు, ఇది ఫ్యాను కదరా" అన్నారు. ఇల్లు చేరేలోగా ఆ మాట ఇంకో మూడుసార్లు అన్నారు.

మర్నాడే అట్ట పెట్టాను. హైవే మీద ముల్లు లేచింది, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఊళ్లోకి వచ్చి సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోతుంటే అదే ముల్లు ఎర్ర గీత వైపు పరుగెత్తింది. గాలి ఆడక ఫ్యాను మోత మోగిపోతోంది. రోడ్డు పక్కన ఆపి, వేళ్లు కాలకుండా ఆ అట్ట బయటికి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) దించి, థర్మోస్టాట్ అనే వాల్వ్ ఉండే చోట మూత విప్పి, లోపలికి చూసి, "ఇది ఎవరు తీశారు బాబూ?" అన్నాడు. లోపల వాల్వే లేదు! అప్పుడు గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఓసారి బండి వేడెక్కితే వేరే మెకానిక్ "వాల్వ్ పీకేశా సార్, ఇక జన్మలో వేడెక్కదు" అన్నాడు. నేను సంతోషించి అడిగినదానికి పైన ఇంకాస్త ఇచ్చి వచ్చాను కూడా. ఇప్పటికీ చాలామంది ఇదే వైద్యం చేస్తారు. ఇంకో విడ్డూరం ఏంటంటే, కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ లేకపోతే బైపాస్ దారి మూసుకోదు. కొంత కూలెంట్ రేడియేటర్‌కు పోకుండానే తిరిగొచ్చేస్తుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

ఆ వాల్వ్ లోపల మైనం ఉంటుంది. చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ను తోస్తుంది. అందాకా కూలెంట్ ఇంజిన్‌లోనూ హీటర్‌లోనూ తిరగాలే తప్ప రేడియేటర్‌కు పోకూడదు. కొత్తది కొన్నప్పుడు దాని అంచు మీద 88 అని కొట్టి ఉంటే నిజమో కాదో చూద్దామని గిన్నెలో నీళ్లు కాచి అందులో వేశాను. థర్మామీటర్ 88 దాటుతుండగా వెంట్రుకవాసి తెరుచుకుంది. నీళ్లు తెర్లేసరికి నోరు బాగా తెరిచింది. చూడముచ్చటగా ఉంది. ఆ గిన్నె మాత్రం మళ్లీ మా వంటింటి గడప తొక్కలేదు.

"చల్లగా ఉంటే మంచిదేగా" అనేవాళ్లతో నాకు పెద్ద పేచీ. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పోతుంది, కాలని పెట్రోలు పిస్టన్ రింగుల పక్కనుంచి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. చెమ్మ ఆవిరైపోక ఆయిల్ మూత కింద మీగడలాంటి తెట్టు కడుతుంది. దాంతోపాటు కూలెంట్ కూడా తగ్గిపోతుంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పై భాగానికీ మధ్య ఉండే సీలు) గొడవ కావచ్చు, అప్పుడు ఆలస్యం చేయకండి.

పొద్దున్నే స్టార్ట్ చేసి పావుగంట అలా వదిలేసేవాళ్లు ఇంకో రకం. మా పక్కింటాయన రోజూ నా కిటికీ కింద ఇదే పని. ఊరికే నిలబెట్టిన ఇంజిన్ చాలా మెల్లగా వేడెక్కుతుంది. అర నిమిషమో నిమిషమో ఆగి, గట్టిగా తొక్కకుండా మెల్లగా నడిపితే త్వరగా దారికొస్తుంది. కూలెంట్ మధ్యకొచ్చాక కూడా ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది, వెంటనే రెచ్చిపోకండి. అసలు కొన్ని కొత్త కార్లలో ముల్లే లేదు, నీలం లైటు ఒకటి వెలిగి ఆరిపోతుంది. దాన్ని చూసి మనం ఏం తెలుసుకోవాలో!

మీరు చేయాల్సింది చిన్న పని. రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేసి, రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టి చూడండి, ఫ్యానుకు దూరంగా. చాలా కార్లలో అది కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచే కొద్దికొద్దిగా వేడెక్కుతుంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు, లేదా నాలాగా అసలు లేనట్టు. ముందుగా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మట్టం చూసుకోండి, తక్కువైనా హీటర్ చల్లగాలే కొడుతుంది. అందులో వట్టి నీళ్లు పోసి ఉంటే మాత్రం గడ్డకట్టే చలిలో ఇంజిన్ బ్లాకే పగలొచ్చు. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

ఇంతకీ మీ ముల్లు హైవే మీద పడిపోయి, ట్రాఫిక్‌లో లేస్తోందా? అదొక్కటి చూసి చెప్పండి.