అందరి దగ్గరికీ వెళ్లే పిల్ల

మీ ఉత్తరాలకు ఒంగోలు పెద్దమ్మ జవాబులు

ప్రశ్న: పెద్దమ్మా, మాది నెల్లూరు, దర్గామిట్ట. పెళ్లయి పదకొండేళ్లు. టెక్సాస్‌లో ఉంటాం. ఆయన అమెరికా పౌరుడు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డు ఉంది. నాకు గ్రీన్‌కార్డు. ఏళ్ల తరబడి ఎదురుచూశాక ‘కారా’ నుంచి, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి కబురొచ్చింది. మహారాష్ట్రలో ఒక దత్తత ఏజెన్సీలో ఉన్న పాప, పధ్నాలుగు నెలలు. సరేనని సంతకాలు పెట్టాం, కారా నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా వచ్చింది. వచ్చే నెల బయల్దేరుతున్నాం. పాపను ఒక వారం నెల్లూరు తీసుకెళ్లాలని ఉంది. అత్తమ్మ అప్పుడే కల్యాణ మండపం మాట్లాడేశారు. మూడొందల మందికి భోజనాలు, బారసాల, మర్నాడు పెంచలకోనలో పుట్టువెంట్రుకలు. నాకేమో పాప నన్ను చూసి ఏడుస్తుందేమోనని ఒకటే టెన్షన్. అత్తమ్మను కాదంటే బాధపడతారు. ఏం సర్దుకోవాలి, ఏం చెప్పాలి?
– ఒక కాబోయే అమ్మ, టెక్సాస్

జవాబు: ఏడిస్తే ఏడవనీ తల్లీ. ఏడవకపోతే అప్పుడు నాకు మళ్లీ ఉత్తరం రాయి.

ఎందుకంటున్నానో చెప్తాను. 1998 ఎండాకాలంలో మద్రాసులోని ఒక శిశుగృహం నుంచి మా పాపను తెచ్చుకున్నాం. దానికప్పుడు పదహారు నెలలు. పినాకిని రైల్లో వస్తున్నాం. సూళ్లూరుపేట దాటేదాకా నా ఒళ్లో కొయ్యబొమ్మలా కూర్చుంది. గూడూరులో ఎవరో ఇడ్లీ ముక్క పెడితే తినేసింది. నెల్లూరులో ఎక్కినావిడ చేతులు చాస్తే నా వంక చూడనైనా చూడకుండా ఆవిడ ఒళ్లోకి వెళ్లిపోయింది. ఇంటికొచ్చేసరికి మావాళ్లు నలభై మంది. ఒక ఒళ్లోంచి ఇంకో ఒళ్లోకి, వాళ్ల చంకలోంచి వీళ్ల చంకలోకి, రాత్రి పదింటిదాకా తిరిగింది. ఒక్క కన్నీటి చుక్క లేదు. ‘ఎంత మంచి పిల్లే, కొత్తాపాతా లేదు’ అని అందరూ మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయాను. నా పెంపకం గొప్పతనమన్నట్టు! దాన్ని పెంచడం మొదలుపెట్టి అప్పటికి ఏడు గంటలు.

మూడు వారాల తర్వాత గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి గుమ్మంలోకి రాగానే ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాచింది. అప్పుడు గుండెల్లో రాయి పడింది. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నవ్వి, ‘అమ్మా, అక్కడ ఆయాలు డ్యూటీలు మారుతుంటారు. పొద్దున పాలు పట్టినావిడ రాత్రి ఉండదు. వచ్చిన మొహం ఏదైనా కాసేపు ఉండి పోయేదే. ఆ లెక్కలో మీరూ ఒకరు, గ్యాస్ అబ్బాయీ ఒకడు’ అన్నారు. అంత సూటిగా చెప్పక్కర్లేదేమో అని ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది కానీ, ఆయన చెప్పినట్టే చేశాను. రెండు నెలలపాటు తిండి, స్నానం, నిద్ర, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం, ఇవన్నీ నేనూ మా ఆయనా తప్ప ఎవరూ చెయ్యలేదు. చుట్టాలు వస్తే కూర్చుని చూసేవాళ్లు. కొందరు మొహం ముడుచుకున్నారు, మా ఆడపడుచు ఆరు నెలలు మాట్లాడలేదు.

మూడో నెలలో ఒకరోజు బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. బయట ఒకటే ఏడుపు, తలుపు మీద బాదుడు. దానికి నేనే కావాలి! పక్కనే మా తోడికోడలు బిస్కెట్ పట్టుకుని బతిమాలుతోంది, వద్దంటోంది. తలుపు ఇవతల బకెట్ బోర్లించుకుని కూర్చుని నేనూ ఏడ్చాను.

కాబట్టి నెల్లూరు తీసుకెళ్లు, కానీ మండపానికి వద్దు. ఆ మాట అత్తమ్మకు చెప్పాల్సింది నువ్వు కాదు, మీ ఆయన. కోడలు చెప్తే పెత్తనం అవుతుంది, కొడుకు చెప్తే మొండితనం అవుతుంది. మొండితనాన్ని తల్లులు క్షమిస్తారు. ఊరికే ‘వద్దమ్మా’ అని పెట్టెయ్యకూడదు, ఆమెకు పని అప్పజెప్పాలి. పాపకు తినిపించేది నువ్వు, నీకు తినిపించేది ఆమె. మొలకొలుకుల బియ్యం మెత్తగా వండి, పప్పుకట్టు కలిపి గిన్నె నీ చేతికి అందించమను. సీసాలు మరగబెట్టమను. మొదటి రెండు రోజులు అదే గదిలో కూర్చుని చిక్కుళ్లు వలుచుకోమను. పాప తనంతట తాను దగ్గరకు జరిగితే నవ్వి, ‘అదుగో అమ్మ’ అని నీ వైపు చూపించమను. ఇది చేయగలిగిన అవ్వ దొరికితే ఆ పిల్లకు సగం కష్టం తీరినట్టే. మండపం అడ్వాన్సు పోతే పోయిందిలే. రెండో పుట్టినరోజుకు మళ్లీ నెల్లూరు రండి, అప్పుడు మూడొందలు కాదు ఆరొందల మందిని పిలుచుకోమను.

పెంచలకోన సంగతి. నరసింహస్వామి ఎక్కడికీ పోడు, మొక్కు ఆగుతుంది. పైగా పాసుపోర్టు ఫొటోలో జుట్టుండి, వీసా కిటికీ దగ్గర గుండుతో నిలబెడితే నీకే లేనిపోని తలనొప్పి. అన్నిటికంటే ముఖ్యం, కత్తి పట్టుకున్న కొత్త మనిషి ముందు తల గట్టిగా అదిమిపెట్టడం ఆ పిల్ల మీ గురించి నేర్చుకునే మొదటి పాఠం కాకూడదు. వంటికి నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టి తలంటడం కూడా ఇప్పుడే వద్దు. మనకు అది ముద్దు. ఎప్పుడూ అలా పోయించుకోని పిల్లకు భయం. మగ్గుతో గోరువెచ్చని నీళ్లు, నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాలు. కొబ్బరినూనె మాత్రం రోజూ అరచేతుల్లో, అరికాళ్లలో నువ్వే రాయి.

ఇక ఏజెన్సీలో అడగాల్సినవి. మెడికల్ రిపోర్టు, చైల్డ్ స్టడీ రిపోర్టు మీ దగ్గరున్నాయి, వాటిలో బరువూ టీకాలూ ఉంటాయి. పాప ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో ఉండదు. అది ఆయాలకే తెలుసు. మేం అడగలేదు. వాళ్లూ చెప్పలేదు. రాత్రంతా ట్యూబులైటు వెలుగులో, పాతికమంది పిల్లల మధ్య పడుకోవడం అలవాటైన దాన్ని తెచ్చి చీకటి గదిలో ఒంటరిగా ఉయ్యాలలో వేశాం. నాలుగు రాత్రులు కళ్లు తెరుచుకుని పడుకుంది, ఐదో రాత్రి మా ఆయనకు అనుమానం వచ్చి లైటు వేస్తే పది నిమిషాల్లో నిద్రపోయింది. అందుకే ఆయాలతో ఒక పూట కూర్చో. ఏ పాలపొడి, ఎన్ని చెంచాలు, సీసానా గ్లాసా, వేడిగానా చల్లగానా, లైటు ఉండాలా, ఏ పేరుతో పిలుస్తారు, దేనికి భయపడుతుంది. అదే పాలపొడి డబ్బాలు రెండు మూడు కొనుక్కో. టెక్సాస్‌లో దొరికే మేలురకం పాలు నెల తర్వాత, కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చవచ్చు. పాప కప్పుకునే దుప్పటి గానీ పాత గౌను గానీ అడిగి తెచ్చుకో, ఉతకకు. కంపు కొట్టినా సరే, ఆ వాసనే దానికి ఇల్లు.

పేరు నీ ఇష్టం. కానీ పాతపేరు ఒక్కసారిగా తీసెయ్యకు. మా పాపకు మంచి సంస్కృతం పేరు పెట్టుకున్నాం, పిలిస్తే గోడతో మాట్లాడినట్టుండేది. అక్కడి ఆయాలు ‘కుట్టీ’ అనేవాళ్లట. ఒకరోజు అలా పిలిచి చూస్తే గిరుక్కున తిరిగింది. ఇప్పటికీ ఇంట్లో కుట్టీనే. నీ పాప చెవిలో పడింది మరాఠీ. నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లు: యే అంటే రా, పాణీ అంటే నీళ్లు, దూధ్ పాలు, ఝోప్ నిద్ర. నీ ఉచ్చారణకు నవ్వితే ఇంకా మంచిది.

కాగితాల సంగతి మీ ఏజెన్సీలే చూస్తాయి కాబట్టి పొడుగ్గా రాయను. ఎన్‌ఓసీ వచ్చాక, దత్తత ఉత్తర్వు వచ్చేలోగా, హామీపత్రం రాసిచ్చి పాపను ఇండియా లోపల తాత్కాలికంగా మీ దగ్గర ఉంచుకునే వీలు నిబంధనల్లో ఉంది. నెల్లూరు ఇండియాలోనే ఉంది కాబట్టి ఆ వారం అడిగి చూడండి. ఏజెన్సీకి చెప్పకుండా మాత్రం ఎక్కడికీ కదలొద్దు. దత్తత ఉత్తర్వు ఇప్పుడు కోర్టు కాదు, జిల్లా కలెక్టరు ఇస్తారు, 2022 సెప్టెంబరు 1 నుంచి. ఆ తర్వాత మీ పేర్లతో పుట్టిన సర్టిఫికెట్, ఇండియా పాసుపోర్టు, దేశాల మధ్య దత్తతలకున్న హేగ్ ఒప్పందం ప్రకారం అంతా సక్రమంగా జరిగిందని కారా ఇచ్చే ధ్రువపత్రం. అప్పుడు ఢిల్లీలో వైద్యపరీక్ష, అక్కడి అమెరికా ఎంబసీలో వీసా. ఇక్కడే దత్తత పూర్తయిన పిల్లలకు ఇచ్చేది ఐహెచ్-3 వీసా. దాంతో మీతో అక్కడ దిగగానే, తండ్రి పౌరుడు కాబట్టి, అక్కడి 2000 నాటి చట్టం ప్రకారం పాప కూడా పౌరురాలవుతుంది. వెళ్లాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి మీ అమెరికా ఏజెన్సీ పాప ఎలా ఉందో ఫొటోలతో కారాకు రాస్తుంది. ఇంటికొస్తే తనిఖీ అనుకుని హడలిపోయి ఇల్లంతా కడగక్కర్లేదు.

ఇన్ని మెట్లున్నాయి గనక తిరుగు టికెట్టు ఫలానా తేదీకేనని బుక్ చెయ్యొద్దు. తేదీ మార్చుకునే టికెట్టు కొనండి. మీ ఆయనకు సెలవు చాలకపోతే ఆయన ముందు వెళ్లి నువ్వు ఉండాల్సి రావచ్చు, దానికి మనసు సిద్ధం చేసుకో. విమానం పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ సీసా నోట్లో పెట్టు, మింగుతుంటే చెవులు నొప్పెట్టవు. ప్రతి కాగితం మూడు జిరాక్సులు, ఒకటి నెల్లూరులో మామగారి దగ్గర.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నెల్లూరులో మాత్రం అందరూ అడుగుతారు. ‘ఏమ్మా, ఎవుళ్ల పిల్ల? మనోళ్లేనా?’ నన్ను కూరగాయల బండి దగ్గర కూడా అడిగారు. ‘మా పిల్ల’ అని చెప్పి వంకాయల ధర అడిగేదాన్ని. రిపోర్టులో పాప గతం గురించి ఉన్న నాలుగు ముక్కలూ అత్తమ్మతో సహా ఎవరికీ చదివి వినిపించకండి. అవి పెట్టెలో దాచి, మొదటిరోజు వేసుకున్న గౌనుతో పాటు, పాప అడిగిన రోజున దానికే ఇవ్వండి. మావాళ్లలో ఒకరికి చెప్పిన పాపానికి, మా కుట్టి తన సంగతి నా నోట వినకముందే పక్కింటి పిల్లాడి నోట వింది. ఆ రోజు గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.

ప్రశ్న: అమ్మా, మాది కావలి. నా పెద్ద కొడుకు అమెరికా పౌరుడు, పిల్లల్లేరు. నా చిన్న కూతురికి మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది, పాపకిప్పుడు ఆరో నెల. మేనమామే కదా, ఇంట్లో పిల్ల ఇంట్లోనే ఉంటుందని పెద్దలంతా అనుకున్నాం. రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రాయించి, వాడు సంక్రాంతికి వచ్చినప్పుడు పంపేస్తే సరిపోతుందా?
– ఒక తాతయ్య

జవాబు: సరిపోదు తాతయ్యగారూ. 1956 హిందూ దత్తత చట్టం కింద రాసుకున్న పత్రం కావలిలో చెల్లుతుంది, ఒక్క దాన్నే పట్టుకెళ్తే అమెరికా వీసా ఇవ్వరు. పిల్లల్ని దేశాలు దాటించి అమ్ముకునేవాళ్లను ఆపడానికి హేగ్ ఒప్పందం వచ్చింది. మన దేశంలో 2003 నుంచి, అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉంది. సొంత మేనమామకైనా దాన్నుంచి మినహాయింపు లేదు. బంధువుల పిల్లను విదేశానికి దత్తత తీసుకోవడానికి 2015 బాలల న్యాయ చట్టంలో విడిగా దారి ఉంది. అది కారా ద్వారానే. అక్కడ మీ అబ్బాయి ముందు తమ అర్హతకు దరఖాస్తు పెట్టి, తర్వాత పాప పేరు మీద దరఖాస్తు పెట్టి, దానికి ప్రాథమిక ఆమోదం వచ్చాకే ఇక్కడ దత్తత జరగాలి. ఆ వరస తప్పి ముందే పత్రం రాయిస్తే చిక్కుల్లో పడతారు. సంక్రాంతికి టికెట్టు కొనుక్కుని ఉంటే పండగకే రమ్మనండి, పిల్లను తీసుకెళ్లడానికి కాదు.

ఈలోగా ఒక పని చెయ్యండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెద్దలు అనుకున్నది ఉంది, కొడుకు అనుకున్నది ఉంది. మీ చిన్నమ్మాయి ఏమందో ఒక్క ముక్క లేదు.